ఎవరి తెలుగు తప్పు?

(ఐనవిల్లిలో ఒక తెలుగు మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. తప్పు తెలుగు కనబడితే మాస్టారికి ఎంత కోపం వచ్చేదో ఇక్కడున్న వారిలో చాలామందికి స్వయంగా తెలుసు. శుభలేఖ పట్టుకుని వెళితే ఆయన ముందు కళ్ళజోడు పెట్టుకుని ఒత్తులు చూసేవారు. ముహూర్తం ఎప్పుడని ఆ తరవాతే అడిగేవారు. ముక్తేశ్వరం సెంటర్లో ఫ్లెక్సీ కడుతుంటే కింద నిలబడి, శ్రద్ధాంజలిలో ధ ఒత్తు ఏదని కుర్రాళ్ళను నిలదీసేవారు. అయితే ఆ కోపానికి ఒక పద్ధతి ఉండేది. కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన మనిషి మాటను గాని, రేవులో పంటు కోసం నిలబడ్డ ఆడవాళ్ళ మాటను గాని ఆయన దిద్దగా నేను ఏనాడూ వినలేదు. అచ్చులో వచ్చిన దాన్ని ఆయన వదిలేవారు కారు. నోటి మాట జోలికి పోయేవారు కారు. భాష విషయంలో కోపం రావలసిందే, కాని అది ఎవరి మీద రావాలన్నదే అసలు ప్రశ్న అని నా నమ్మకం. ఆ ప్రశ్న మీదే ఇవాళ మాట్లాడతాను.

ముందు ఈ ఊరి పేరు చూడండి. కొన్ని బోర్డుల మీద ఐనవిల్లి అని, కొన్నిటి మీద అయినవిల్లి అని ఉంటుంది. ఏది ఒప్పు అని పిల్లలు అడుగుతూ ఉంటారు. ఐదు అన్నా అయిదు అన్నా, ఔను అన్నా అవును అన్నా తెలుగువాడికి ఒకటే. ఐ, ఔ లకు వక్రతమాలని పేరు పెట్టిన పాత వ్యాకరణం కూడా తెలుగు మాటల్లో ఈ రెండు తీర్లనూ చూసింది. కాబట్టి ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకు తన ఊరి పేరు రాసేటప్పుడే ఒక సంగతి తెలుస్తుంది. తెలుగులో ఒక మాటకు రెండు ఒప్పులు ఉండవచ్చు. దురదృష్టం ఏమిటంటే, బడిలో ఆ పిల్లకు చెప్పేది మాత్రం ఒక ఒప్పు, మిగతావన్నీ తప్పులు అని.

ఈ తగవు మన గుమ్మంలోదే. ఇదే మండలంలో, గౌతమి గట్టున, కోటిపల్లి పంటు ఆగే ముక్తేశ్వరంలో జయంతి రామయ్య పంతులు గారు పుట్టారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేశారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించడంలో ముందు నిలిచారు. తెలుగులో తప్పొప్పుల మీద జరిగిన అతి పెద్ద పోరులో ఒక పక్షానికి నాయకుడు మన ముక్తేశ్వరం మనిషే. రెండో పక్షానికి నాయకుడు గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషి.

పోరు ఎలా మొదలైందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మొదలైంది పండితుల సభలో కాదు, బళ్ళో. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు బడుల ఇన్స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయనకు ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లల పుస్తకంలోని తెలుగు మరొకటి. మాస్టరు ఆ పుస్తకంలోని తెలుగును మళ్ళీ తెలుగులో చెబితే గాని పిల్లలకు అర్థం కావడం లేదు. ఎందుకని? విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడిలో గిడుగు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. గిడుగు అప్పటికే సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసిన మనిషి. అడవిలోని సవర పిల్లకు తన భాషలో పుస్తకం కావాలని తెలిసినవాడికి, తెలుగు పిల్లకు తన భాషలో పుస్తకం లేదన్న సంగతి కనబడకుండా ఎలా ఉంటుంది?

అప్పటి పుస్తకాల తెలుగుకు కొలబద్ద చిన్నయసూరి గారి బాలవ్యాకరణం. గొప్ప పుస్తకం. దాని పొందిక చూసి ముచ్చట పడని తెలుగు మాస్టరు ఉండడు. కాని అది చెప్పిన భాష కావ్యాల భాష. 'వచ్చుచున్నాఁడు' అని రాయాలి, 'వస్తున్నాడు' అని రాస్తే అది గ్రామ్యం. గ్రామ్యం అంటే ఊరి మనుషుల మాట అని. ఈ సభలో ఉన్నవాళ్ళం అందరం ఊరి మనుషులమే గనక ఆ పేరులోని దెబ్బ నేను విడమరిచి చెప్పనక్కర లేదు.

1912 చివర్లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని వాడుక తెలుగులో కూడా రాయవచ్చునని అనుమతి వచ్చింది. పరిషత్తు కదిలింది. ఊరూరా సభలు, మహజర్లు. 1913లో రామయ్య పంతులు గారు గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. అదే ఏడు గిడుగు వాడుక భాష తరఫున మరొక విజ్ఞాపన వేశారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశారు. కొద్ది ఏళ్ళకే ప్రభుత్వం ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. ముక్తేశ్వరం గెలిచింది, పర్లాకిమిడి ఓడింది.

ఓడిన గిడుగు చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆయన ప్రతివాదుల పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నారు. వాడుక భాషను తప్పు అన్న పండితులు గ్రాంథికంలో రాసిన వాక్యాలను ఒక్కొక్కటే తీసి, వాళ్ళు నమ్మిన వ్యాకరణం ప్రకారమే అవి ఎక్కడ తప్పాయో చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అనే పుస్తకం అలాంటిదే. ఒకరిని చిన్నబుచ్చడానికి చేసిన పనిగా దాన్ని చూస్తే పొరపాటు. జీవితమంతా చదివిన మహాపండితుడు కూడా నాలుగు పేజీలు తప్పు లేకుండా రాయలేని భాషను, పదేళ్ళ పిల్లవాడు రాయాలని పట్టుబట్టి, రాయలేకపోతే తప్పు వాడిదే అనడం న్యాయమా అని ఆయన అడిగింది. 1925లో తణుకులో పరిషత్తు సభకే వెళ్ళి, కావ్యాల ప్రయోగాలు ఎత్తి చూపుతూ గంటల తరబడి మాట్లాడారు. అంతకు ముందే, నలభై ఏళ్ళు గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం గారు తన చివరి ఏడు, 1919లో, వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులుగా ఉండటానికి ఒప్పుకున్నారు. రాజశేఖర చరిత్ర రాసిన చెయ్యి అటు మొగ్గడం చిన్న సంగతి కాదు.

మరి గ్రాంథిక పక్షంలో నిలిచిన వేదం వేంకటరాయ శాస్త్రి గారు? 1897లో ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగాడి చేత ఎంత జీవమున్న తెలుగు మాట్లాడించారు! అదే శాస్త్రి గారు వ్యాసంలో, పాఠంలో ఆ తెలుగు పనికిరాదన్నారు. రంగస్థలం మీద నవ్వడానికైతే పేరిగాడి మాట కావాలి, పలక మీద రాయడానికైతే వద్దు. నూరేళ్ళు దాటినా మన సినిమాల్లో ఇదే పద్ధతి నడుస్తోంది. గోదావరి యాస హాస్యగాడికి ఇస్తారు, నాయకుడికి ఇవ్వరు. నన్ను బాధపెట్టే సంగతుల్లో ఇది ఒకటి.

ఇప్పుడు రామయ్య పంతులు గారి గురించి. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, చాలా మంచిది. ఆ రోజు జయంతి వారి పేరు ఎదిరిపక్షంగానే వినబడుతుంది. ఈ మండలంలో నిలబడి ఆయనను అంతటితో వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆయన వాదంలో ఒక బలం ఉంది. జిల్లాకు ఒక మాట, కులానికి ఒక మాట ఉన్న జాతికి అందరూ చదవగల ఒక రాత భాష ఉండాలని ఆయన అన్నారు. శ్రీకాకుళంలో రాసినది చిత్తూరులో తెలియాలి కదా? ఆ అవసరం నిజమైనదే. ఆ రాత భాష నన్నయ దగ్గరే ఆగిపోవాలన్నది మాత్రం నిలవలేదు.

ఆయన చేసిన పనులు చూడండి. బెజవాడలోని యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించి అచ్చు వేశారు. రాళ్ళ మీద చెక్కిన పద్యాలన్నీ పోగు చేసి శాసన పద్యమంజరి కూర్చారు. పిఠాపురం రాజా వారి అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలుపెట్టించారు. దాని మొదటి సంపుటం 1936లో వచ్చింది. పంతులు గారు 1941లో పోయారు. ఎనిమిది సంపుటాలూ పూర్తి కావడానికి 1972 దాకా పట్టింది. కావ్యాల్లో ప్రయోగం దొరికిన మాటకు పెద్దపీట వేసిన నిఘంటువు అది, వాడుక మాటకు అందులో చోటు తక్కువ. ఆ లోటు ఉన్నా, పాత పద్యంలో ఒక మాట తెలియకపోతే ఇవాళ్టికీ మనం తెరిచేది దాన్నే.

శాసనాలు చదివిన మనిషికి భాష మారుతుందన్న సంగతి అందరికంటే బాగా తెలిసి ఉండాలి. 575 ప్రాంతానిదని చెప్పే కలమళ్ళ శాసనం నాటి తెలుగులో మనకిప్పుడు లేని ఒక అక్షరం ఉండేది. తమిళులు ఇప్పటికీ నాలుక మడిచి పలుకుతారే, ఆ ధ్వని. తమిళుల ఏడు అంకెలో అది నేటికీ ఉంది. మన దగ్గర అది డకారంలో కలిసిపోయింది. కావ్యాలు పుట్టే నాటికే పోయింది. బండి ఱ మన చిన్నతనంలో పోయింది. అరసున్న మన తాతల కళ్ళ ముందు పోయింది. అరసున్న లేకుండా రాసినందుకు మార్కులు పోగొట్టుకున్న పిల్లలు ఎంతమందో! ఆ మార్కులు ఇప్పుడు ఎవరు తిరిగి ఇస్తారు?

ఇక మన ఊరి మాటకు వస్తాను. 'వత్తన్నానండి', 'సేత్తన్నానండి', 'ఎల్తన్నానండి'. ఎవరైనా పిలిస్తే 'ఆయ్'. ఇది మన నేల మీద రోజూ వినబడే తెలుగు. దీన్ని బళ్ళో ఉచ్చారణ దోషం అంటారు. దోషమైతే దానికి ఒక తీరూ తెన్నూ ఉండకూడదు. ఇక్కడ ఉంది. వస్తాను వత్తాను అవుతుంది, చూస్తాను సూత్తాను అవుతుంది, రాస్తాను రాత్తాను అవుతుంది. సకారం తరవాత తకారం వచ్చిన ప్రతి క్రియలోనూ ఆ సకారం తకారంగా మారి జంట అవుతుంది. చదువు రాని మనిషి కూడా ఎక్కడా తడబడకుండా పాటించే సూత్రం ఇది. సూరి గారి చేతికి దొరికి ఉంటే ముచ్చటగా ఒక సూత్రం రాసి ఉండేవారు.

ఇది మన దగ్గరే పుట్టిన వింత కూడా కాదు. సంస్కృతంలో హస్తం ప్రాకృతంలో హత్థం అయింది, సప్త సత్త అయింది. శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథా సప్తశతికి ప్రాకృతంలో ఉన్న పేరే సత్తసఈ. మన వెంకన్న నోట 'వత్తాను' వస్తే యాస. అలాంటి మార్పే రాజుగారి పుస్తకం అట్ట మీద ఉంటే సాహిత్యం.

ఇంకొక మెట్టు కిందికి దిగి చూడండి. 1913లో 'వచ్చుచున్నాను' ఒప్పు, 'వస్తున్నాను' తప్పు. ఇవాళ 'వస్తున్నాను' ఒప్పు, 'వత్తన్నాను' తప్పు. నిన్న గ్రామ్యమని గెంటివేసిన మాటే ఇవాళ గద్దెనెక్కి, తన వెనక వచ్చిన దాన్ని గ్రామ్యం అంటోంది. గిడుగు గెలిచారని మనం చెప్పుకుంటాం. పత్రికల్లో, కథల్లో, రేడియోలో నిజంగానే గెలిచారు. కాని ఆయన అడిగిన ప్రశ్న వస్తున్నాను అనే ఒక్క రూపం కోసం కాదు. పిల్ల నోటి మాటను సిగ్గుపడే వస్తువుగా చేయవద్దని ఆయన అడిగారు. ఆ విషయంలో మనం ఇంకా 1913లోనే ఉన్నాం.

ఏటా పరీక్షల ముందు ఇక్కడ సిద్ధి వినాయకుడి సన్నిధిలో పెన్నులకు పూజ చేసి పిల్లలకు పంచుతారు. ఆ పెన్ను కోసం వరసలో నిలబడే పిల్లల్లో లంకల నుంచి, పేటల నుంచి, కూలి పనికి వెళ్ళే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఇంట్లో రాత భాష మాట్లాడే మనిషి ఉండకపోవచ్చు. తరగతిలో లేచి 'నిన్న బడికి రాలేదండి, మాయమ్మకి ఒంట్లో బాగోలేదండి, ఆసుపత్రికి ఎల్లామండి' అని చెబితే, మాస్టరు ముందు ఆ ఎల్లాము అన్న మాటను దిద్దితే, ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పుతుందా? ఒకసారి నవ్వు భరించిన పిల్ల ఏడాదంతా వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు పాలేరు నాటకంలో చదువుకున్న పాలేరును కోస్తా ఊళ్ళన్నిటికీ చూపించారు. చదువు అందని ఇళ్ళకు చదువు వెళ్ళాలని కోరుకున్నవాళ్ళం, ఆ ఇంటి మాటను గుమ్మం దగ్గరే విడిచి రమ్మనడం తగునా?

దీన్ని విని, అయితే తప్పే లేదా, ఎలా రాసినా సరేనా అని ఎవరైనా అడగవచ్చు. నా సమాధానం గట్టిగా చెబుతాను. తప్పు ఉంది. బోలెడు ఉంది. చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది.

ఒత్తుల తప్పులు తీసుకోండి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. 'ఆర్ధిక సహాయం', 'విధ్యార్ధులు', 'భాధితులు', 'హార్ధిక శుభాకాంక్షలు' రోజూ చూస్తున్నాం. ఇవి ఎందుకు వస్తున్నాయో ఆలోచించాలి. తెలుగు తన సొంత మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు వాడుకోలేదు. అవి సంస్కృతం మాటలతో వచ్చాయి. మన నోట థ, ధ ల తేడా సరిగ్గా పలకదు, పలకనిది చెవికి అందదు. కాబట్టి ఇది చెవి పట్టుకోలేని తప్పు, కన్ను మాత్రమే గుర్తు పెట్టుకోవాలి. పుస్తకం బాగా చదివిన కన్ను గుర్తు పెట్టుకుంటుంది, చదవని కన్ను పెట్టుకోదు. పిల్ల అర్ధం అని రాస్తే చదవడానికి మంచి పుస్తకం ఇవ్వాలి. ఫ్లెక్సీ వేసే కుర్రాడు రాస్తే, మాస్టారిలాగా కింద నిలబడి చెప్పాలి. పాఠ్యపుస్తకంలోనో, ప్రభుత్వ ఉత్తరువులోనో, టీవీ తెర అడుగునో వస్తే మాత్రం మర్యాదలు అక్కర లేదు. అక్కడ రాసేవాళ్ళు జీతం తీసుకుని రాస్తున్నారు, సరిచూడడానికి మరొకరు జీతం తీసుకుంటున్నారు. ఎవరిని చూసి పిల్ల రాత నేర్చుకోవాలో వాళ్ళే తప్పు రాస్తే ఆ తప్పు లక్ష నోటు పుస్తకాల్లోకి పోతుంది.

దీనికంటే పెద్ద తప్పు ఒకటి ఉంది, అది ఏ ఒత్తు దిద్దినా పోదు. 'రహదారి మరమ్మతులు చేపట్టడం జరిగింది.' 'దరఖాస్తులు తిరస్కరించడం జరిగింది.' 'నిధులు మళ్ళించడం జరిగింది.' ఎవరు చేపట్టారు? ఎవరు తిరస్కరించారు? ఎవరు మళ్ళించారు? తెలుగు వాక్యానికి క్రియ చివర ఉంటుంది, చేసినవాడెవడో ఆ క్రియే చెబుతుంది. చేశాను, చేశాం, చేశారు. ఆ చివరి ముక్కను కోసేసి 'జరిగింది' అని తగిలిస్తే, వానలాగా, వరదలాగా పని దానంతట అదే జరిగిపోయినట్టు ఉంటుంది. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు పట్టడానికి లేదు. 'వత్తన్నానండి' అన్న మనిషి మాత్రం తాను వస్తున్న సంగతి తన క్రియలోనే ఒప్పుకుంటున్నాడు. ఎవరి తెలుగు తప్పో మీరే చెప్పండి.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది, వావిలాల గోపాలకృష్ణయ్య గారు దానికి మొదటి అధ్యక్షులు. కచేరీల్లో తెలుగు రావాలని అంతమంది కష్టపడ్డారు. కచేరీల్లోకి వచ్చిన తెలుగు ఎలా ఉంది? 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, సదరు అర్హులైన లబ్ధిదారులు సంబంధిత ధ్రువీకరణ పత్రములను జతపరచి నిర్ణీత గడువులోగా సమర్పించవలసినదిగా కోరడమైనది.' కొబ్బరి చెట్లు పడిపోయి పరిహారం కోసం వచ్చిన రైతు ఇది చదివి, పక్కవాణ్ణి అడిగి, అతనికీ తెలియక, మీ-సేవ దగ్గర డబ్బు ఇచ్చి చదివించుకుంటాడు. ఏ కాగితాలు తేవాలి, ఏ తారీఖులోగా, ఎవరికి ఇవ్వాలి, ఈ మూడూ రాస్తే సరిపోయేది. యేట్స్ అడిగిన ప్రశ్న మళ్ళీ అడగవలసి వస్తోంది. తెలుగును తెలుగులో మళ్ళీ చెబితే గాని తెలియకపోవడం ఏమిటి?

మాస్టారితో నాకు పేచీ ఉన్న చోటు కూడా చెప్పాలి. శుభలేఖల్లో 'విచ్చేయగలరు' అని కనబడితే ఆయన కొట్టేసేవారు. గలరు అంటే శక్తి ఉందని, వాళ్ళకు రాగల శక్తి ఉందో లేదో మీకెందుకు, రండి అని పిలవండి అనేవారు. ఆయన చెప్పింది పాత ప్రయోగం. ఇవాళ 'గమనించగలరు', 'రాగలరు' అంటే మర్యాదగా అడుగుతున్నారని చిన్నపిల్లకు కూడా తెలుసు. ఎవరి బాధ్యతా అందులో దాగడం లేదు, ఎవరికీ అర్థం చెడడం లేదు. భాష ఒక పాత పనిముట్టును కొత్త పనికి వాడుకుంటోంది. దాన్ని వాడుకోనివ్వాలి.

ఈ చిరాకు తెలుగువాళ్ళకే ఉందనుకోవద్దు. ఇంగ్లీషులో 1712లోనే జొనాథన్ స్విఫ్ట్ భాష చెడిపోతోందని, దాన్ని నిలబెట్టే ఏర్పాటు చేయాలని ఒక దొరకు ఉత్తరం రాశాడు. మాటలను కత్తిరించి వాడడం ఆయనకు గిట్టేది కాదు. మాబ్ అనే మాట మీద ఆయనకు మహా కోపం. ఆ మాట ఇప్పుడు కోర్టు తీర్పుల్లో ఉంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వేస్తూ, భాషను కదలకుండా నిలపవచ్చుననుకున్న తన ఆశ అనుభవంతో పోయిందని పీఠికలో రాసుకున్నాడు. మన బళ్ళలో ఇంగ్లీషు మాస్టర్లు ప్రీపోన్ అనే మాటను ఎన్నేళ్ళు కొట్టేశారో! భారతీయుల ఇంగ్లీషులో బాగా నలిగిన ఆ మాట ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి వెళ్ళింది. ఇంకా వెనక్కి వెళితే లాటిన్‌లో ఎవరో ఒక బడి పంతులు తయారు చేసిన తప్పొప్పుల పట్టిక ఒకటి దొరికింది. అపెండిక్స్ ప్రోబీ అంటారు. చెవిని ఆరిస్ అనాలి, ఓరిక్లా అనకూడదు అని అందులో ఉంది. ఆ తప్పు మాట నుంచే చెవికి ఇటలీ వాళ్ళ ఒరెక్కియో, స్పెయిన్ వాళ్ళ ఒరేహా పుట్టాయి. ఆ పంతులు తప్పు అని రాసిపెట్టినందువల్లనే, అప్పటి జనం నిజంగా ఏం మాట్లాడారో ఇవాళ పండితులకు తెలుస్తోంది.

అయితే మారినదంతా మేలే అని నేను అనను. మాట మారడం వేరు, మాట పోవడం వేరు. రోడ్డు, బస్సు, కాఫీ, ఫోను వస్తే తెలుగుకు నష్టం ఏమీ లేదు. వంటల కార్యక్రమం చూడండి. ఆనియన్స్ కట్ చేసుకుని, కోకోనట్ కట్ చేసుకుని, లీఫ్స్ కట్ చేసుకుని, మిక్స్ చేసుకోవాలి. మన ఇళ్ళలో ఉల్లిపాయ తరుగుతారు, కొబ్బరి తురుముతారు, ఆకు తుంచుతారు, మామిడికాయ చెక్కు తీస్తారు, అల్లం దంచుతారు, వంకాయను గుత్తిగా చీరుతారు. చేతి పని ఒక్కొక్కటీ ఒక్కొక్క తీరు గనక ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్రియ. ఆ క్రియలన్నీ పోయి 'కట్ చేయడం' ఒక్కటే మిగిలితే, పిల్లకు మాటతో పాటు ఆ పని తీరూ తెలియకుండా పోతుంది. ఒత్తు తప్పితే దిద్దుకోవచ్చు. పోయిన క్రియను ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేయించిన మాండలిక వృత్తి పదకోశం నాకు చాలా గౌరవమైన పుస్తకం. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మీద, 1971లో వచ్చిన రెండోది చేనేత మీద. పండితులు జిల్లాలు తిరిగి రైతుల దగ్గర, నేతగాళ్ళ దగ్గర కూర్చుని, ఈ పనిముట్టును మీ ఊళ్ళో ఏమంటారు అని అడిగి రాసుకున్నారు. నూరేళ్ళు గ్రామ్యమని తోసేసిన మాటలకు సాహిత్య అకాడమీ అచ్చులో చోటు దొరికింది. రామయ్య పంతులు గారు రాళ్ళ మీద వెతికిన శ్రద్ధనే వీళ్ళు పొలాల్లో, మగ్గాల దగ్గర చూపించారు. ఆ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడగల కాలం ఇప్పుడు వచ్చింది.

మన కోనసీమ కొబ్బరి మీద అంత పని ఇంకా మిగిలి ఉంది. అంబాజీపేట మార్కెట్ ధరల్లో కురిడీ కొబ్బరికి గండేరా, గటగట అని రకాలు రోజూ పేపర్లో చూస్తాం. మన పిల్లల్లో ఎందరికి ఆ తేడా తెలుసు? దింపు, ఒలుపు, గోటా, ముక్కుడు కాయ, ఈ మాటలు వాడే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. పంటు నడిపేవాళ్ళ మాటలు, లంకల్లో కూరగాయలు పండించేవాళ్ళ మాటలు, ఏటిగట్టు మాటలు ఇంకా ఎవరూ పూర్తిగా రాసుకోలేదు.

ఇక్కడ ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కాబట్టి పని మాట చెప్పి ముగిస్తాను. పిల్ల 'వత్తన్నానండి' అంటే విని జవాబు చెప్పండి. రాత నేర్పేటప్పుడు, పరీక్షలో 'వస్తున్నాను' అని రాస్తారమ్మా, అన్ని జిల్లాల వాళ్ళూ చదవాలి కదా అని కారణం చెప్పి నేర్పండి. రామయ్య పంతులు గారు కోరిన ఉమ్మడి రాత భాష ఆ పిల్లకు అందాలి, ఇంటి మాట చేజారకూడదు. పంచాయతీ వారికి, సొసైటీల వారికి నా మనవి ఒకటి. ఏ నోటీసైనా అంటించే ముందు, ఎవరి కోసం రాశారో ఆ మనిషికి ఒకసారి చదివి వినిపించండి. ఆయన ఏమిటండీ అని అడిగితే మళ్ళీ రాయండి. ఎవరు చేశారో, ఎవరు చేయాలో ప్రతి వాక్యంలో ఉండేలా చూడండి.

మాస్టారి పేర ఏటా అక్షర దోషాలు లేకుండా రాసిన విద్యార్థికి బహుమతి ఇస్తున్నారు. అది కొనసాగాలి. దానికి తోడు రెండోది ఒకటి పెట్టమని వారి కుటుంబాన్ని అడుగుతున్నాను. వచ్చే ఏడు పరీక్షలయ్యాక, వేసవిలో, ఈ మండలం పిల్లలు కొబ్బరి తోటల్లో, రేవులో, వంటింట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు ఏ పనికి ఏ మాట వాడతారో విన్నది విన్నట్టుగా, వత్తన్నాను అంటే వత్తన్నాను అనే రాసుకుని తేవాలి. ఎక్కువ మాటలు తెచ్చిన పిల్లకు ఆ బహుమతి ఇద్దాం. ఆ నోటు పుస్తకాలన్నీ చదివి, అకారాదిగా పేర్చి, అచ్చుకు సిద్ధం చేసే పని నాకు అప్పగించండి.